ఒక హైస్కూల్ రోబోటిక్స్ బృందం: పని ఎవరి చేతికి దక్కింది, నేర్పు ఎవరికి అబ్బింది

ఈ కేస్ స్టడీ ఒక ఉన్నత పాఠశాల రోబోటిక్స్ బృందానికి సంబంధించినది. ఆ బృందానికి నేను సాంకేతిక మెంటర్‌గా పనిచేస్తున్నాను. రోబోటిక్స్ వల్ల విద్యార్థులకు కలిగే మేలు గురించి ప్రస్తావన వచ్చినప్పుడల్లా గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్, నలుగురితో కలిసి పనిచేసే అలవాటు అని వరుసగా చెబుతారు. అవన్నీ నిజమే. అయితే ఆ మేలు బృందం జాబితాలో పేరున్న ప్రతి విద్యార్థికీ దానంతటదే చేరదు. పనిముట్టు ఎవరి చేతిలో ఉంటుందో, నిర్ణయం ఎవరు తీసుకుంటారో, తప్పు జరిగినప్పుడు కారణం వెతికే బాధ్యత ఎవరిమీద పడుతుందో వారికే అది దక్కుతుంది. అందువల్ల ఈ నివేదికలో రోబో కన్నా పని పంపకం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

పోటీ స్వరూపం

మా బృందం పాల్గొనేది ‘ఫస్ట్ టెక్ చాలెంజ్’ అనే పోటీలో. దీన్ని నిర్వహించే ‘ఫస్ట్’ సంస్థను అమెరికాకు చెందిన ఆవిష్కర్త డీన్ కామెన్ 1989లో స్థాపించారు. ఆ సంస్థ తొలి పోటీ 1992లో న్యూ హాంప్‌షైర్‌లోని ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో 28 బృందాలతో జరిగింది. పోటీ రూపకల్పనలో ఆయనకు తోడుగా నిలిచిన వూడీ ఫ్లవర్స్ ఎం.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. అక్కడి డిజైన్ కోర్సులో విద్యార్థులందరికీ ఒకే రకమైన సామాను ఇచ్చి, దానితో తయారుచేసిన యంత్రాలను పోటీకి దించే పద్ధతిని ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చారు. పరిమితమైన సామాను, తెలిసిన గడువు, అందరి ఎదుట పరీక్ష అన్న మూడు లక్షణాలూ నేటి పాఠశాల పోటీల్లోకి అక్కడి నుంచే వచ్చాయి.

ఏటా సెప్టెంబరులో కొత్త ఆటను ప్రకటిస్తారు. ఆట మొదలయ్యే క్షణంలో రోబో పొడవు, వెడల్పు, ఎత్తు 18 అంగుళాలు మించకూడదు. మైదానం 12 అడుగుల చదరం. ఒక్కో పక్షానికి రెండు బృందాల చొప్పున నాలుగు రోబోలు ఒకేసారి దిగుతాయి. మొదటి 30 సెకన్లు రోబో ముందే రాసిన ప్రోగ్రామ్ ప్రకారం తనంతట తానే నడవాలి. ఆ తర్వాత 2 నిమిషాలు విద్యార్థులు నడుపుతారు. అర్హత మ్యాచుల్లో మన పక్షాన ఎవరు ఉంటారో మనం ఎంచుకోలేము. ఈ మ్యాచ్‌లో తోడుగా ఉన్న బృందమే తర్వాతి మ్యాచ్‌లో ప్రత్యర్థి కావచ్చు. ఈ ఒక్క నియమం పిల్లల ప్రవర్తనను ఎంత మారుస్తుందో తర్వాత వివరిస్తాను.

నేను వచ్చేనాటి పరిస్థితి

నేను చేరేనాటికే బృందం కొన్ని సీజన్లు ఆడి ఉంది. నియమావళి ప్రకారం ఒక బృందంలో గరిష్ఠంగా 15 మంది ఉండవచ్చు. ఈ బృందం దాదాపు నిండుగానే ఉండేది. కానీ పని జరిగే బల్ల దగ్గర నిలబడేది ఇద్దరే. ఇద్దరూ పై తరగతి విద్యార్థులు, ప్రతిభావంతులు, శ్రమకు వెనుకాడని వారు. యంత్రభాగాల నిర్మాణం ఒకరిది, కోడు మరొకరిది. మిగిలినవారు నట్లు, బోల్టులు అందించేవారు, ఫోటోలు తీసేవారు, నోట్‌బుక్ అలంకరించేవారు. ఈ అమరికను ఎవరూ పథకం ప్రకారం చేయలేదు. గడువు తరుముతున్నప్పుడు త్వరగా చేయగలిగినవారికే పని అప్పగించడం ఎక్కడైనా జరిగేదే. చేసినవారు ఇంకా నేర్చుకుంటారు, చూసినవారు ఇంకా వెనకబడతారు. ఒకే ఏడాదిలో ఆ అంతరం పూడ్చలేనంతగా పెరిగిపోతుంది.

ఆ ఇద్దరూ చదువు ముగించుకుని వెళ్లిన తర్వాత ఈ అమరిక ఖరీదు ఎంతో తెలిసింది. రెండేళ్లు బృందంలో ఉన్న విద్యార్థులు మోటారును కంట్రోల్ హబ్‌కు, అంటే రోబోను నడిపే చిన్న కంప్యూటర్‌కు, ఏ పోర్టులో కలపాలో తెలియక తడబడ్డారు. పాత కోడు ఉంది, కానీ దాన్ని చదవగలిగేవారు లేరు. ట్రోఫీలు మాత్రం గోడ అల్మారాలో ఉన్నాయి. అవి ఆ పాఠశాల సాధించినవే అయినా, వాటిని తెచ్చిన నేర్పు పాఠశాలలో మిగలలేదు.

మార్చిన పద్ధతి

మొదట రోబోలోని ప్రతి ఉపవ్యవస్థకూ (చక్రాలు, లిఫ్ట్ వంటి ఒక్కో భాగానికీ) ఇద్దరిని జతగా నియమించాము. ఒకరు ఆ పని తెలిసినవారు, మరొకరు కొత్తవారు. స్క్రూడ్రైవర్, కీబోర్డు కొత్తవారి చేతిలోనే ఉండాలి. తెలిసినవారు నోటితో మాత్రమే సాయం చేయాలి. వినడానికి చిన్న నియమమే కానీ ఆచరణలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే అయిదు నిమిషాల్లో పూర్తిచేయగల పని కళ్లెదుటే అరగంట సాగుతుంటే చేతులు కట్టుకుని ఉండటం పదహారేళ్ల పిల్లలకే కాదు, పెద్దలకూ సులువు కాదు. మెంటర్లకూ ఇదే నియమం వర్తించింది. ప్రమాదం జరిగే అవకాశం ఉంటే తప్ప మేము రోబోను ముట్టుకోము.

పని చేసినవారే ఆ రోజు నోట్‌బుక్‌లో దాని గురించి రాయాలన్నది రెండో మార్పు. అంతకుముందు రాతపని అంతా అందమైన దస్తూరి ఉన్న ఒకరిద్దరు అమ్మాయిల మీద పడేది. ఈ విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది. అమ్మాయిలకు రాత, ప్రసంగం, పోస్టర్లు; అబ్బాయిలకు రెంచీలు, కోడు అనే విభజన ఎవరూ ఆదేశించకుండానే బృందాల్లో ఏర్పడుతుంది. దాన్ని పనిగట్టుకుని చెరిపివేయకపోతే అలాగే స్థిరపడిపోతుంది. ‘ఆమెకు అదే ఇష్టం’ అని సర్దిచెప్పే ముందు ఆమెకు డ్రిల్ మెషిన్ ఎన్నిసార్లు అందించారో చూడాలి. రాత అందరికీ పంచిన తర్వాత ఇద్దరు విద్యార్థినులు డ్రైవ్‌ట్రెయిన్ (చక్రాలను తిప్పి రోబోను కదిలించే భాగం) బాధ్యత తీసుకున్నారు. వారిలో ఒకరు ఆ సీజన్ మొత్తానికీ మా ప్రధాన మెకానిక్ అయ్యారు.

ఇక మూడోది రోబోను నడిపే డ్రైవర్ల ఎంపిక. స్నేహాన్నో సీనియారిటీనో చూడకుండా, అందరి ఎదుట ఒకే పరీక్ష పెట్టి, సమయం కొలిచి ఎంపిక చేశాము. దీనిపై ఎక్కువ చెప్పనవసరం లేదు. కొలత బహిరంగంగా ఉంటే అలకలు తగ్గుతాయి.

లిఫ్ట్ చెప్పిన పాఠం

2024-25 సీజన్ ఆట పేరు ‘ఇంటు ది డీప్’. మైదానం మధ్యనున్న కడ్డీల నిర్మాణంలోంచి చిన్న దిమ్మెలను ఏరి, ఎత్తైన బుట్టలో వేయడం అందులో ఒక ముఖ్యమైన పని. 18 అంగుళాల లోపు ముడుచుకుని ఉండే రోబో అంత ఎత్తుకు చేయి చాచాలంటే ఒకదానిలోంచి ఒకటి జారే స్లైడ్లు కావాలి. మా విద్యార్థులు మూడు అంచెల స్లైడ్‌ను తాడుతో లాగే ఏర్పాటు చేశారు; దాన్నే లిఫ్ట్ అంటాము. మోటారు అడుగు అంచెను ఒక అంగుళం లేపితే పై కొస మూడు అంగుళాలు లేస్తుంది. వేగం మూడింతలు వచ్చిందని సంతోషించిన మరుక్షణమే మోటారు మూలుగుతూ ఆగిపోయింది. దూరం మూడింతలు దొరికిన చోట బలం మూడింతలు పెట్టక తప్పదని, ఘర్షణ దానికి అదనమని వారికి అర్థమైంది. శక్తి నిత్యత్వ నియమం పదో తరగతిలోపే అందరూ చదివే విషయం. కానీ దాన్ని చదివిన విద్యార్థే ఈ స్లైడ్‌ను డిజైన్ చేసేటప్పుడు తలచుకోలేదు. మోటారు ఆగిన తర్వాత తలచుకున్నాడు, ఇక మరచిపోడు.

గేరు నిష్పత్తి మార్చి ఆ చిక్కు విప్పుకున్నాక మరొకటి ఎదురైంది. లిఫ్ట్ చెప్పిన ఎత్తుకు చేరకుండా కొద్దిగా కింద ఆగిపోయేది. లక్ష్యానికీ ప్రస్తుత స్థానానికీ మధ్య తేడాను బట్టి మోటారుకు శక్తి ఇచ్చేలా కోడు రాశారు. తేడా తగ్గేకొద్దీ శక్తీ తగ్గుతుంది. ఒకచోట ఆ శక్తి లిఫ్ట్ బరువుకు సరిగ్గా సమానమై, లిఫ్ట్ అక్కడే నిలిచిపోతుంది. ఈ కారణం మెంటర్లమైన మాకు తెలుసు, కానీ చెప్పలేదు. ఒక విద్యార్థి పెద్ద మోటారు పెడదామన్నాడు. ఇంకొకరు ఆ తేడాకు ఎంత శక్తి ఇవ్వాలో నిర్ణయించే గుణకాన్ని పెంచారు; అప్పుడు లిఫ్ట్ లక్ష్యం దాటిపోయి కిందికీ మీదికీ ఊగసాగింది. దాదాపు వారమంతా ఈ వాదన నడిచింది.

దారి చూపినది గణితంలో తాను వెనకబడ్డానని ఎప్పుడూ చెప్పుకునే ఒక అమ్మాయి. ఆమె మోటారు శక్తిని కొద్దికొద్దిగా పెంచుతూ లిఫ్ట్ పైకి కదలడం మొదలుపెట్టిన విలువను రాసుకుంది. తర్వాత కొద్దికొద్దిగా తగ్గిస్తూ అది కిందికి జారడం మొదలుపెట్టిన విలువను రాసుకుంది. రెండు విలువలూ ఒకటి కావు, వాటి మధ్య పెద్ద ఎడం ఉంది. ఎందుకని జతలోని ఇద్దరూ ఆలోచించారు. పైకి వెళ్లేటప్పుడు ఘర్షణ బరువుతో కలిసి అడ్డుపడుతుంది. కిందికి జారేటప్పుడు బరువును మోయడానికి మనకు తోడ్పడుతుంది. అంటే మొదటి విలువ బరువు, ఘర్షణల మొత్తం. రెండోది బరువులోంచి ఘర్షణ తీసివేసిన శేషం. రెండింటినీ కూడి సగం చేస్తే బరువుకు కావలసిన శక్తి, తీసివేసి సగం చేస్తే ఘర్షణకు కావలసిన శక్తి వస్తాయి. తరగతి గదిలో రెండు సమీకరణాలు, రెండు చరరాశులు అంటూ చేసిన లెక్క ఇదే. బరువుకు సరిపడా స్థిరమైన శక్తిని కోడులో ముందే కలపగానే లిఫ్ట్ చెప్పిన చోట నిలిచింది. ఘర్షణ విలువ మరీ ఎక్కువగా కనిపించడంతో స్లైడ్లను విప్పి చూశారు. ఒక పట్టీ వంగి ఉంది.

నేను ఈ సంఘటనపై ఇంతసేపు నిలవడానికి కారణం ఉంది. ఆ అమ్మాయికి ఆ రోజు దక్కినది కంట్రోల్ సిద్ధాంతం (యంత్రాన్ని కోరిన స్థితిలో నిలిపే శాస్త్రం) ఒక్కటే కాదు. తన కొలతను చూపి, తనకన్నా గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయాన్ని మార్చగలనన్న అనుభవం దక్కింది. పాత పద్ధతిలో అయితే సీనియర్ విద్యార్థి ఒక సంఖ్య మార్చి, మరో సంఖ్య మార్చి, ఎలాగో పని జరిపించి ముందుకు వెళ్లేవాడు. ఈమె రెంచీ అందిస్తూ ఉండేది.

బ్యాటరీ, నోట్‌బుక్

రోబో తనంతట తానే నడిచే మొదటి 30 సెకన్ల స్వయంచాలక దశలో మొదట సమయాన్ని బట్టి నడిపారు: ఇంత శక్తితో ఇన్ని సెకన్లు ముందుకు వెళ్లి ఆగు అని. సాధన మొదట్లో రోబో సరిగ్గా గీత మీద ఆగేది; సాయంత్రానికి గీతకు ముందే ఆగిపోయేది. కోడులో ఒక్క అక్షరం మారలేదు. ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు. నోట్‌బుక్ రాసే వంతు వచ్చిన కొత్త విద్యార్థి ప్రతి పరుగుకు ముందు బ్యాటరీ వోల్టేజిని, పరుగు తర్వాత ప్రయాణించిన దూరాన్ని పక్కపక్క గడుల్లో రాశాడు. పేజీ నిండేసరికి కారణం కంటికే కనిపించింది. మేము వాడేది 12 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. నిండుగా చార్జ్ అయినప్పుడు 13 వోల్టులు దాటి చూపుతుంది, వాడేకొద్దీ తగ్గుతుంది. మోటారు వేగం వోల్టేజిని అనుసరిస్తుంది కాబట్టి అంతే సమయంలో తక్కువ దూరం వెళుతుంది.

దాంతో సమయాన్ని వదిలి, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించే ఎన్‌కోడర్ల మీద ఆధారపడ్డారు. చక్రాలు జారినప్పుడు ఆ లెక్క కూడా తప్పుతుందని గమనించి, మోటారు లేకుండా నేలను తాకుతూ దొర్లే చిన్న కొలత చక్రాలను స్ప్రింగుతో అమర్చారు. మా చక్రాలు మెకానమ్ రకానివి. స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ ఇలాన్ 1970లలో రూపొందించిన ఈ చక్రాల అంచున 45 డిగ్రీల ఏటవాలులో రోలర్లు ఉంటాయి. రోబో పక్కకు కూడా నడవగలగడం వాటి సుగుణం, తేలికగా జారడం వాటి లోపం.

నోట్‌బుక్ రాయడం న్యాయనిర్ణేతల కోసమేనని చాలా బృందాలు భావిస్తాయి. పోటీకి సమర్పించే పోర్ట్‌ఫోలియో (బృందం పని సారాంశం) ముఖచిత్రం కాక 15 పేజీలు మించకూడదు కాబట్టి అది తప్పనిసరిగా ఏరికూర్చినదే అవుతుంది. దానికి ఆధారమైన రోజువారీ రాత వేరు. అది బృందం తన కోసం తాను రాసుకునేది. బ్యాటరీ విషయం తేలిన తర్వాత రాయమని గుర్తుచేయవలసిన అవసరం బాగా తగ్గింది.

పోటీ రోజున

ఒక అర్హత మ్యాచ్ మధ్యలో మా రోబో హఠాత్తుగా ఆగిపోయింది. డ్రైవర్ల తెరమీద కనెక్షన్ తెగినట్లు కనిపించింది. రోబో మిగిలిన మ్యాచ్ అంతా మైదానం మధ్యలో కదలకుండా ఉండిపోయింది. మా పక్షం ఓడిపోయింది. తోడు బృందానికి కూడా ఆ ఓటమి అంటింది.

పిట్‌కు, అంటే పోటీ స్థలంలో రోబోను బాగుచేసుకునే మా బల్ల దగ్గరికి, తిరిగి వచ్చాక జరిగినది నాకు సంతోషాన్ని కలిగించింది. వైరింగ్ జత, కోడు జత ఒకరినొకరు నిందించుకోవడానికి కొన్ని క్షణాలు సిద్ధపడ్డారు. తర్వాత ఒకరు రోబో చేసినదంతా నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచారు, మరొకరు ప్రతి కనెక్టర్‌నూ లాగి చూశారు. కనెక్టర్లన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆగిన క్షణం రోబో మైదానంలోని లోహపు కడ్డీని తాకిన క్షణమేనని వీడియో చూసి గుర్తించారు. పక్క పిట్‌లోని బృందం, అదీ మాతో తర్వాత తలపడవలసినదే, వచ్చి అది స్థిర విద్యుత్తు కావచ్చని చెప్పింది. ఫోమ్ పలకల మీద చక్రాలు రాసుకుంటూ తిరిగినప్పుడు రోబో చట్రంలో చార్జ్ పోగవుతుంది. లోహాన్ని తాకినప్పుడు అది ఒక్కసారిగా విడుదలై ఎలక్ట్రానిక్స్‌ను స్తంభింపజేస్తుంది. చట్రాన్నీ కంట్రోల్ హబ్‌నూ కలిపే గ్రౌండింగ్ స్ట్రాప్ తమ దగ్గర అదనంగా ఉంటే ఇచ్చి, ఎక్కడ బిగించాలో చూపించారు. ఆ తర్వాత రోబో మళ్లీ ఆగలేదు.

రేపటి ప్రత్యర్థి ఇలా సాయం చేయడం పిల్లల మంచితనం వల్లనే కాదు, పోటీ నిర్మాణం వల్ల కూడా. ఎవరు ఎప్పుడు తమ పక్షాన పడతారో తెలియనప్పుడు మైదానంలో అన్ని రోబోలూ నడవడం అందరికీ లాభమే. పట్టుదలగా పోటీపడుతూనే ఎదుటివారిని గౌరవించాలన్న సూత్రాన్ని ఫ్లవర్స్ ఈ పోటీలకు మూలసూత్రంగా నిలిపారు. గోడమీద రాసిన సూక్తి కన్నా నియమావళిలోని అమరిక దాన్ని బలంగా నేర్పుతుందని నా నమ్మకం.

న్యాయనిర్ణేతల గదిలో జవాబులు విద్యార్థులే చెప్పాలి. ఆ రోజు లిఫ్ట్ గురించిన ప్రశ్నకు ఆ అమ్మాయే సమాధానమిచ్చింది. బ్యాటరీ పట్టికను రాసిన విద్యార్థే చూపించాడు. అంతకుముందు సీజన్లలో మాట తీరు బాగున్న ఒకరిద్దరు వల్లెవేసి అప్పజెప్పేవారని పాత సభ్యులు చెప్పారు. చేసిన పని గురించి చెప్పేవారి మాటలో తడబాటు ఉన్నా, ఎదురు ప్రశ్న వచ్చినప్పుడు అది పోతుంది.

ఫలితం, దాని మూల్యం

ఆ సీజన్‌లో మేము అర్హత పట్టికలో మధ్యస్థంగా నిలిచాము. పాత బృందం తెచ్చినన్ని బహుమతులు రాలేదు. పని నెమ్మదిగా సాగడం వల్ల రెండో స్వయంచాలక ప్రోగ్రామ్ పూర్తికాలేదు. పంపకం పద్ధతి వల్ల తొలి ఏడాది రోబో కొంత బలహీనంగా ఉంటుందని పాఠశాలకు, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఫలితాలు చూసి పద్ధతిని మధ్యలోనే ఆపేసే ప్రమాదం ఉంది.

లాభం తర్వాతి సెప్టెంబరులో కనిపించింది. పై తరగతి విద్యార్థులు వెళ్లిపోయినా, మిగిలినవారు కొత్త ఆట వెలువడిన మొదటి వారాల్లోనే కదిలే చట్రాన్ని సిద్ధం చేశారు. మోటారు మార్చడం, ఎన్‌కోడర్ సరిచూడటం, లాగ్ చదవడం అనే మూడు పనులను సాయం లేకుండా చేయగలరో లేదో ప్రతి సభ్యుణ్నీ పరీక్షించాము. రెండో ఏడాది సభ్యులందరూ చేయగలిగారు. కొత్తవారికి నేర్పింది కూడా వారే. ఈ బృందంలో చేరేవారు మొదటి నుంచే ఆసక్తి ఉన్నవారు కాబట్టి వారి మార్కుల పెరుగుదలను, పై చదువుల ఎంపికలను రోబోటిక్స్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అందుకే నేను కొలిచినది బృందంలో చేరకముందు ఎవరికీ రాని పనులను మాత్రమే.

కాలం విషయంలో మూల్యం గట్టిదే. పోటీకి ముందు వారాల్లో సాధన రాత్రి వరకు సాగేది. పరీక్షలు దగ్గరపడిన ఇద్దరు విద్యార్థులు మానుకునే స్థితికి వచ్చారు. వారంలో రోజులను పరిమితం చేసి, జతలో ఒకరు రాకపోయినా రెండోవారు కొనసాగించేలా చేసిన తర్వాత వారు నిలిచారు. జత పద్ధతి వల్ల మేము ముందుగా ఊహించని ప్రయోజనం ఇది.

ఇంకా తీరని చిక్కు ఒకటి ఉంది. రోబో త్రీడీ డిజైన్ ఇప్పటికీ ఒకే విద్యార్థి చేతిలో ఉంది. మొత్తం నమూనా ఒకే ఫైలులా పెరగడంతో రెండోవారు ముట్టుకుంటే ఏదో ఒకటి చెడుతుందన్న భయం ఏర్పడింది. ఈ సీజన్‌లో చట్రం, లిఫ్ట్, పట్టుకునే చేయి అని నమూనాను మూడు వేర్వేరు ఫైళ్లుగా విడగొట్టి, అవి కలిసే రంధ్రాల కొలతలను మొదటే ఖరారు చేసి, ఒక్కో ఫైలును ఒక్కో జతకు అప్పగించాము. చట్రం ఫైలు బాధ్యత ఈ ఏడాదే చేరిన విద్యార్థినిది.